తాగుడు మానిన నోటికి ప్రభువు పాత్ర

ఆకలిగొన్న తన ప్రజలకు తానే అన్నమై దిగివచ్చిన దేవునికి స్తోత్రం. పిడికెడు గోధుమపిండిని, కాసింత ద్రాక్షరసాన్ని మన చేతుల్లోంచి తీసుకుని, వాటికి బదులుగా తన కుమారుణ్ణే మనకిచ్చే తండ్రికి స్తోత్రం. పెద్ద గుడి బలిపీఠం మీదా, ఓడరేవు పక్క ఇరుకు గదిలో అరువు తెచ్చుకున్న మేజా మీదా ఒకే నిండుదనంతో ఉండే ప్రభువుకు స్తోత్రం. ఆయన మా వీధిలో చేసిన ఒక మేలు చెబుతాను.

నేను బెంగాల్‌లో, ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్‌లోనే పుట్టాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి డాక్‌లో పనికి వచ్చాడు. మా వీధిలో సగం కుటుంబాలు అలా వచ్చినవే. మా గుడిలో పూజ బంగ్లాలో, హిందీలో, ఇంగ్లీషులో జరుగుతుంది. నెలకొక ఆదివారం తెలుగులో. పాటలు ఏ భాషలో ఉన్నా, దివ్యసత్ప్రసాదం, అంటే ప్రభువు శరీరంగా మారిన అప్పం, తీసుకునేటప్పుడు అందరం చెప్పే మాట మాత్రం ఒక్కటే: ఆమెన్.

నేను పిల్లలకు జ్ఞానోపదేశం చెబుతాను. ఆదివారం పూజ అయ్యాక, గుడికి రాలేని రోగుల ఇళ్లకు దివ్యసత్ప్రసాదం తీసుకెళతాను. అది పెట్టిన చిన్న బంగారు రంగు డబ్బీ మెడలో వేలాడుతూ, పైట కింద ఉంటుంది. అది మెడలో ఉన్నంతసేపూ దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదని మా పెద్దలు నేర్పారు. వీధి అంతటికీ ఈ సంగతి తెలుసు. ఆటోవాళ్లు ఎక్కడికని అడగరు, నేను వేలు చూపిస్తే ఆపుతారు. కొత్తవాళ్లెవరైనా పలకరించబోతే మేం దాదా అని పిలిచే టీ కొట్టు అన్న చెయ్యి అడ్డం పెడతాడు. "డేకో నా, దీదీ ఠాకూర్ నియే జాచ్ఛేన్," అంటాడు. పిలవకు, అక్క దేవుణ్ణి తీసుకెళుతోందని. అతను హిందువు. నాకు తెలిసిన చాలామంది క్రైస్తవుల కంటే బాగా మోకరిల్లే మనసు అతనిది.

నేను వెళ్లే ఇళ్లలో ఒకటి మా వీధి చివరి పెదనాన్నది. చుట్టరికం ఏమీ లేదు, వీధిలో అందరికీ ఆయన పెదనాన్నే. ఓడల్లోంచి బస్తాలు దించే పని చేసి రిటైరయ్యాడు. రెండేళ్ల కిందట గొంతులో జబ్బు వచ్చింది. ఆసుపత్రిలో కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్. జబ్బు తగ్గింది గానీ గొంతు సన్నబడిపోయింది. నీళ్లలాంటివి తప్ప ఏదీ దిగదు, మాట కూడా గుసగుసగానే వస్తుంది.

అలాంటి గొంతుకు అప్పం ఎలా దిగుతుంది? దివ్యసత్ప్రసాదంలోంచి ఆవగింజంత తుంచి, నీళ్లతో ఇచ్చి చూశాను. అదీ అడ్డుపడింది. కళ్లు ఎర్రబడేదాకా దగ్గాడు. అంత దగ్గులోనూ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు, ప్రభువు నేలపాలవుతాడేమోనని. మింగుడుపడ్డాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంక వద్దమ్మా. ఆయన్ని కింద పడేత్తానేమోనని బయమేత్తంది."

ఆ తరవాత ఆదివారాలు వెళ్లేదాన్ని, పక్కన కూర్చుని ప్రార్థన చెప్పేదాన్ని, వచ్చేసేదాన్ని. ఆయన కళ్లు నా మెడలోని డబ్బీ మీదే ఉండేవి. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం వైపు ఆకలి మనిషి చూసినట్టు చూసేవాడు. జ్వరం వచ్చినా, తుపాను వచ్చినా ఒక్క ఆదివారం మానని మనిషి, నెలల తరబడి ఆకలితో ఉండిపోయాడు.

చివరికి ఫాదర్‌కి చెప్పాను. ఆయనది జార్ఖండ్. మా డాక్ కుటుంబాల దగ్గర కాస్త తెలుగు పట్టుకున్నాడు. "దీనికి ఇంత దిగులెందుకు?" అన్నాడు. అప్పంలోనూ పాత్రలోని ద్రాక్షరసంలోనూ ప్రభువు సంపూర్ణంగా ఉన్నాడు, అప్పం దిగకపోతే పాత్రలోంచి నాలుగు చుక్కలు చెంచాతో ఇద్దాం, ఇంట్లోనే పూజ పెడదాం అన్నాడు. నేను సంతోషంతో పరుగులాంటి నడకతో వెళ్లి పెదనాన్నకు చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది.

"ద్రాచ్చసారా గదమ్మా అది. నాను ముట్టను."

సంగతి వీధికి తెలిసినదే. వయసులో ఆయన బాగా తాగేవాడు. ఒక తపస్సుకాలంలో, ఈస్టరు ముందరి ఉపవాస దినాల్లో, బలిపీఠం ముందు మోకరించి, ఇక చుక్క నోట్లో పోయనని ప్రభువుకు ఒట్టు వేశాడు. పెళ్లిళ్లలో ముట్టలేదు, ఓడవాళ్లు ఊరికే ఇచ్చినా ముట్టలేదు. దగ్గు మందు కూడా ముందు వాసన చూసి, అనుమానం వస్తే పక్కన పెట్టేవాడు.

నాకు తెలిసిన చదువంతా బయటికి తీశాను. ఎడారిలో ఆహారంగా కురిసిన మన్నా దగ్గర మొదలుపెట్టి, ప్రభువు శిష్యులతో తిన్న కడరాత్రి బల్ల దగ్గరికి వచ్చాను. పూజలో ఫాదర్ 'ఇది నా రక్తము' అన్న ప్రభువు మాటలు పలికాక అది ద్రాక్షరసం కాదు పెదనాన్నా, సాక్షాత్తూ ప్రభువు రక్తం అన్నాను. ఓపిగ్గా విన్నాడు.

"అది నాకు తెల్దేటి? ఇన్నేళ్లూ మోకాళ్లేసింది ఎవులికనుకున్నావు? ఆయనికే గదా."

"మరి ఇంకేంటి పెదనాన్నా?"

"రసం ప్రభువైపోద్ది. వాసన అలాగే ఉంటది గదా. నా ముక్కుకి జ్ఞానోపదేశం ఎవులు సెప్తారు?"

నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ వాసన తగిలితే పాత దాహం లేస్తుందేమోనని ఆయన భయం. మళ్లీ ఫాదర్ దగ్గరికే వెళ్లాను.

ఫాదర్ స్వయంగా వచ్చాడు. "కాకా, ఈ ఒట్టు దీనికి అడ్డు కాదు. అయినా నీ మనసుకు బరువుగా ఉంటే ఒట్టు నుంచి విడుదల ఇస్తాను, నాకు ఆ అధికారం ఉంది," అన్నాడు. పెదనాన్న తల అడ్డంగా ఊపాడు.

"ఆ ఒట్టు తీసీకండి ఫాదర్. నా జల్మలో ఆయనికి నానిచ్చింది అదొక్కటే."

ఫాదర్ మంచం అంచున కూర్చున్నాడు. తరవాత మెల్లగా చెప్పాడు: పూజ మాత్రం చేద్దాం. నోరు తెరవాలనిపిస్తే తెరువు. లేకపోతే చేతులు జోడించి కూర్చో, ప్రభువు ఏమీ అనుకోడు.

శనివారం సాయంత్రం పూజ. వాట్సాప్‌లో కబురు వెళ్లింది, వీధి కదిలింది. మంచం గోడవైపు జరిపారు. పక్కింటి బౌది, అంటే బెంగాలీ వదిన, తన మేజా ఇచ్చింది, రజనీగంధాలు తెచ్చింది. "ఠాకూర్ ఆజ్ ఏఖానే ఆస్బేన్?" అని అడిగి, దేవుడు ఇక్కడికే వస్తున్నాడని తెలిశాక గుమ్మం ముందున్న చెప్పులన్నీ తానే తీసి దూరంగా పెట్టింది. పెద్దమ్మ, అంటే పెదనాన్న భార్య, ఆయనకు తెల్ల చొక్కా తొడిగి తల దువ్వుతోంది.

"పెల్లికొడుకునాగున్నాడే పెద్దమ్మా," అంది ఎదురింటి కోడలు.

"పెల్లినాడు కూడా ఇంత సుబ్బరంగా లేడే. తాగొచ్చీసినాడు ఆ రోజు."

గదంతా నవ్వింది. పెదనాన్న గొంతు ఆ నవ్వులో వినపడీ వినపడనట్టు వచ్చింది. "అందుకే గదే బయమేత్తంది."

పెద్దమ్మ దువ్వెన ఆపింది. ఆయన తాగిన రోజుల్లో దెబ్బలు తిన్నదీ, తలుపు గడియ పెట్టి పిల్లల్ని కాచుకున్నదీ ఆవిడే. ఈ విషయంలో మాట్లాడే హక్కు ఎవరికైనా ఉంటే ఆవిడకే ఉంది. మంచం మీద ఆయనకెదురుగా కూర్చుంది.

"ఇదిగో, ఇను. ఆ దినాల్లో గలాసు నీ సేతిలో ఉండీది. నువ్వే పోసుకునీవోడివి, నువ్వే తాగీవోడివి. ఇయాల సెంచా ఫాదర్ సేతిలో ఉంటాది. పెట్టీవోడు ప్రభువు. నువ్వు నోరు తెరిత్తే సాలు. తాగడం ఏరు, పెట్టించుకోడం ఏరు."

"మల్లీ ఆశ పుడితేనో?"

"పుడితే నాను లేనేటి? అప్పుడు తలుపేసీసినాను, ఇప్పుడు ఎయ్యలేనేటి?"

"ఎయ్యగలవు, ఎయ్యగలవు," అన్నాడు పెదనాన్న. ఆ వారంలో మొదటిసారి ఆయన మొహంలో నవ్వు చూశాను.

పూజ మొదలైంది. పునరుత్థానుడైన ప్రభువు ఇద్దరు బాటసారులతో నడిచి వెళ్లిన సువిశేష ఘట్టం నేను చదివాను. దారి పొడుగునా ఆయన లేఖనాలు వివరించినా వాళ్లు గుర్తుపట్టలేదు, బల్ల దగ్గర రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టారు. చదువుతుంటే నాకే తగిలింది. వారం రోజులు నేను వివరించాను, పెద్దమ్మ ఒక్క మాటతో బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఫాదర్ అప్పాన్ని, తరవాత పాత్రను పైకెత్తినప్పుడు, మోకరించడానికి చోటు లేక కొందరు వీధిలోనే మోకరించారు. నదిలో ఓడ కూత వేసింది. బౌది గుమ్మం దగ్గర తలమీద కొంగు కప్పుకుని నిలబడింది.

అందరం దివ్యసత్ప్రసాదం తీసుకున్నాం. చివర్న ఫాదర్ చిన్న వెండి చెంచా పాత్రలో ముంచి, మంచం దగ్గరికి వచ్చాడు.

"క్రీస్తు రక్తము," అన్నాడు, తనకు వచ్చిన తెలుగులో.

చెంచా పెదాల దగ్గర ఆగింది. పెదనాన్న నోరు మూసుకునే ఉన్నాడు. ఊపిరి బిగబట్టాడని భుజాలు చూస్తే తెలుస్తోంది. కళ్లు పెద్దమ్మ వైపు తిప్పాడు. మేమూ అటే చూశాం. పెద్దమ్మ, చంటిపిల్లకు ముద్ద పెట్టే తల్లిలా, తనకు తెలియకుండానే తన నోరు బార్లా తెరిచి నిలబడి ఉంది.

ఆయన పెదాలు విచ్చుకున్నాయి.

"ఆమెన్." అంత సన్నటి గొంతులోంచి ఆ మాట గుమ్మం దాటి వినపడింది.

గుటక దిగడం అందరం చూశాం. దగ్గు రాలేదు. ఎవరో ఆగలేక పాట ఎత్తుకున్నారు, వీధంతా అందుకుంది. పెదనాన్న కళ్లు మూసుకుని, మంచం పట్టె మీద వేళ్లతో తాళం వేశాడు. చెంపల మీద నీళ్లు జారుతుంటే తుడుచుకోలేదు.

టీలు ఇస్తున్నప్పుడు పెద్దమ్మ ఆయన మీదికి వంగింది. "ఏటి, వాసనొచ్చిందా?"

"ఏమో. నీ నోరు సూసి నవ్వొచ్చీసింది. వాసన సూడ్డం మర్సిపోనాను."

ఇప్పుడు ప్రతి ఆదివారం ఫాదర్ ఒక చిన్న మూత పాత్రలో ప్రభువు రక్తాన్ని నాకిస్తాడు. ఒలికిపోకుండా రెండు చేతులా పట్టుకుని ఆటోలో కూర్చుంటాను. గోతులొస్తే డ్రైవరు తనంతట తానే మెల్లగా పోనిస్తాడు. పెదనాన్న గుమ్మం వైపు చూస్తూ ఉంటాడు. ఇన్నేళ్లూ దివ్యసత్ప్రసాదం గురించి పిల్లలకు చాలా చెప్పాను. ఇప్పుడు ముందుగా చెప్పేది ఒకటే: మనం పట్టుకునేది కాదు ఇది, ఆయన పెట్టేది. నోరు తెరిస్తే నింపుతానని దేవుడు తన ప్రజలకు ఏనాడో మాట ఇచ్చాడు.

చదువుతున్న మీరు కూడా ఒక్క క్షణం నాతో చేతులు జోడించండి. బల్ల దాకా రాలేని రోగుల కోసం, వచ్చినా తమ పాత దాహానికి భయపడి వెనకే నిలబడిపోయిన వాళ్ల కోసం వేడుకుందాం. ప్రభువా, మా చేతులు వణికితే నీ చేత్తోనే పెట్టు. మాకు ధైర్యం చాలకపోతే, మాకోసం నోరు తెరిచే మనిషిని మా ఎదురుగా నిలబెట్టు. ఈ మాటకు మీరున్న చోటి నుంచే, మీ భాషలో, గట్టిగా ఆమెన్ అనండి.