మనుష్ అంటే మనిషే

ఆ రోజుల్లో ఇంగ్లీషు అంటే నాకు "యెస్" ఒక్కటే. దోహాలో ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే పని. అర్థం కాకపోయినా నవ్వుతూ యెస్ అనమని మా సూపర్‌వైజర్ నేర్పాడు. (గదిలో ఎలుకలున్నాయా అని ఒకాయన అడిగితే దానికీ యెస్ అన్నాను. ఆయన వెంటనే ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.) మేమంతా అల్ మన్సూరాలో ఒకే బిల్డింగులో ఉండేవాళ్ళం. మా పక్క గదిలో రొమేనియా నుంచి వచ్చిన వయొలిన్ కుర్రాడు. హోటల్ డైనింగ్ హాల్లో వాయించేవాడు. పేరు మనుష్. నాతో ఉండే జగిత్యాల మామ చేసే పప్పుచారు కోసం మా గదికి వచ్చేవాడు.

"మనిషికి మనిషని పేరు పెడ్తరా? బర్రెకు బర్రె అని పెట్టినట్టున్నది" అని మామ ఒకసారి పగలబడి నవ్వాడు. మనుష్ కూడా నవ్వి, వచ్చీరాని హిందీలో చెప్పాడు. వాళ్ళు రోమాలు. ఏనాడో మన దేశం నుంచే వెళ్ళిన జాతి. వాళ్ళ భాషలో కూడా మనుష్ అంటే మనిషే. ఊళ్ళోవాళ్ళు రోమా పిల్లల్ని కుక్కా, దొంగా అని పిలిచేవారట. "వీణ్ణి పిలవాలంటే మనిషీ అనే పిలవాలి" అని వాళ్ళ నాయనమ్మ పట్టుబట్టి ఆ పేరు పెట్టిందట. మామ నవ్వు ఆగిపోయింది. "తిను బిడ్డా" అని ఇంకో గరిటె అన్నం వేశాడు.

ఒక మధ్యాహ్నం వాయిస్తూ వాయిస్తూనే మనుష్ కూలిపోయాడు. అది కూడా ప్రదర్శనలో భాగమనుకుని కొందరు చప్పట్లు కొట్టారట. సూపర్‌వైజర్ మనుష్ ఫోను నా చేతిలో పెట్టి ఆసుపత్రికి తరిమాడు. కౌంటర్లో హైదరాబాద్ భాయ్ ఉన్నాడు.

"ఎవరు కావాలె?"

"మనుష్."

"అరే భాయ్, ఈడున్నోళ్ళంత మనుషులే. పేరు చెప్పు."

"పేరే మనుష్ అన్నా!"

"మజాక్ చేస్తున్నవా?" అని కసురుతూనే కంప్యూటర్లో చూశాడు. గొంతు మారింది. "కూసో తమ్మీ. నీళ్ళు తాగుతవా?"

అప్పటికే అయిపోయింది. నేను కూర్చోకముందే మనుష్ ఫోను మోగింది. తెర మీద ఒక ముసలామె ఫొటో. వాళ్ళ నాయనమ్మ. గడగడా ఏదో అడిగింది. అందులో మనుష్ అన్న మాట తప్ప ఏమీ తెలియలేదు. చివరికి మెల్లగా, "ములో?" అంది. ఏ మూల అంటోందో అనుకున్నాను. నోరు దానంతటదే "యెస్ మేడమ్" అనేసింది. అవతల వినిపించిన ఏడుపు అర్థం కావడానికి ఏ భాషా రానక్కర్లేదు.

ములో అంటే "చనిపోయాడా" అని మనుష్‌తో బ్యాండులో అకార్డియన్ వాయించే రోమా ముసలాయన తర్వాత చెప్పాడు. ఆమె పంపిన కబురూ చెప్పాడు: "హోటల్ వాళ్ళందరూ చూస్తాం, కనుక్కుంటాం అని తిప్పారు. ఆ అబ్బాయి ఒక్కడే ధైర్యంగా చెప్పాడు. వాడు చల్లగా ఉండాలి."

నాకు ఆ మాట అర్థం కాలేదని ఆమెకు చెప్పమని ఆయన్ని అడిగాను. మామ అడ్డుపడ్డాడు. "వద్దురా. ఒక్కడన్న మనిషి లెక్క మాట్లాడిండు అనుకున్నది ముసల్ది. అనుకోనీ."

ఇప్పుడు నేనే సూపర్‌వైజర్ని. ఇంగ్లీషు బాగానే వచ్చు. చెడ్డ కబుర్లను మర్యాదగా, చుట్టూ తిప్పి చెప్పడమూ వచ్చింది. అలా తిప్పుతూ తిప్పుతూ ఎక్కడో ఆగిపోయినప్పుడు, యెస్ ఒక్కటే వచ్చిన అప్పటి నేను, ఆ తెలివితక్కువ కుర్రాడు, పక్కనుంటే బాగుండేదని నవ్వుకుంటాను.