నా నాలుక మీద వేసిన నింద

దర్శి నుంచి పొదిలి వెళ్లే దారిలో, పత్తి చేల గట్ల మీద తాటిచెట్లు వరసగా ఉన్న చోట ఒక కల్లుపాక ఉంది. అక్కడ కల్లు గీసేవాడితో నాకు ముప్పై ఏళ్ల స్నేహం. వరసేమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు. నేను వెళ్లగానే మోకు తగిలించుకుని చెట్టెక్కి, నా కళ్లెదుటే కుండ దించి తాటాకు దొప్పలో వంచేవాడు. అందులో తేలే తేనెటీగల్ని నోటితో ఊది పక్కకు నెట్టి తాగాలి. మొదట తీపి, వెంటనే నాలుక అంచుల్లో చిన్న పులుపు. ఆ పులుపును బట్టి కుండ ఎప్పుడు కట్టాడో చెప్పేసేవాణ్ణి. వాడు నవ్వి, "నీది నాలుక కాదు బావా, త్రాసు" అనేవాడు.

నిజంగానే ఆ నాలుక మీదే బతికాను. మిరపకాయల కమీషన్ కొట్టు తరఫున కల్లాలకు వెళ్లి, కాయ విరిచి, ముక్క కొరికి ఘాటు ఎంతో చెప్పడం నా పని. నేను తల ఊపితేనే బస్తాలు కట్టేవాళ్లు. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే ఉండేది.

కొన్నేళ్ల కిందట కల్లు మారింది. ఒట్టి తీపి, తాగాక నాలుక మీద చేదు, తల దిమ్ము. వాడు చెట్టెక్కడం కూడా నాకు కనబడలేదు. "పొద్దున్నే దించేశా బావా" అంటూ పాకలోంచి కుండ తెచ్చేవాడు. ఇదేం కల్లురా అని అడిగాను.

"కల్లు అదే. నీ నాలుకే పోయింది. ఇన్నేళ్లు ఆ కారం కొరికితే ఇంకేం ఉంటది?" అన్నాడు.

దొప్పలో తేనెటీగలు ఎప్పటిలాగే తేలుతున్నాయి. చెట్టు మీది కల్లు కాకపోతే అవెక్కణ్ణుంచి వస్తాయి? వాణ్ణి అనుమానించడానికి మనసొప్పలేదు. నన్నే అనుమానించుకున్నాను.

ఆ తర్వాత కాయ విరిచినప్పుడల్లా భయమే. ఒకసారి ఒకే కల్లంలో రైతు ముందే మూడుసార్లు మాట మార్చాను. ఆయన నా మొహం వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చివరికి నేనే కొట్టు యజమాని దగ్గరికి వెళ్లి, "నాలుక పోయిందండి, ఇంకెవరినైనా చూసుకోండి" అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మొన్న వేసవిలో ఒకరోజు చెప్పకుండా పొద్దున్నే పాకకు వెళ్లాను. వెనకాల వాడు ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి, ఏదో తెల్లపొడి వేసి కర్రతో కలుపుతున్నాడు. పక్కనున్న బిస్కెట్ డబ్బాలోంచి చచ్చిన తేనెటీగల్ని గుప్పెడు తీసి, కూరలో కొత్తిమీర చల్లినట్టు పైన చల్లాడు. తలెత్తి నన్ను చూసి కర్ర వదిలేశాడు.

"మోకాళ్లు పోయినయ్ బావా. చెట్టెక్కి మూడేళ్లయింది."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు రావుగా."

"మరి నాలుక పోయిందని ఎందుకన్నావురా?"

"ఏదో ఒకటి అనాలిగా" అన్నాడు. తర్వాత ఊరడిస్తున్నట్టు, "నీ నాలుకకేం కాలేదులే. మొదటి రోజే పట్టేశావ్" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. డ్రమ్మును ఒక్క తన్ను తన్నాను గానీ అది కదల్లేదు. కల్తీ చేశాడని కాదు నా కోపం. మోకాళ్ల సంగతి చెప్పి ఉంటే, ఆ పాకలో కూర్చుని వాడితో మంచినీళ్లు తాగి వచ్చేవాణ్ణి. ముప్పై ఏళ్లూ నేను కల్లు కోసమే వచ్చాననుకున్నాడు. ఆ కల్లు అబద్ధాన్ని నిలబెట్టుకోడానికి నా బతుకుతెరువును బలిపెట్టాడు.

మళ్లీ అటు వెళ్లలేదు. నాలుక బాగానే ఉందని ఇప్పుడు నాకు తెలుసు. అయినా అన్నం ముందు కూర్చుని, మొదటి ముద్ద మింగాక, కూరలో ఉప్పు సరిపోయిందా అని మా ఆవిడను అడుగుతూనే ఉన్నాను.