వదిన బిగించిన కంప్యూటర్

మా వదినకు మా వీధిలో ‘ఇంకొక్కటి’ అని పేరు. తన ఫొటో స్టూడియోలో ఎవరిని కూర్చోబెట్టినా తల సరిచేసి, నవ్వించి, ఫొటో తీసి, వాళ్లు లేవబోతుంటే “ఇంకొక్కటి, ఒక్కటంటే ఒక్కటి” అని మళ్లీ కూర్చోబెడుతుంది. ఆ ఒక్కటి ఏనాడూ ఒకటితో ఆగలేదు. పసిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా ఆమెను విసుక్కోకుండా బయటపడ్డవాళ్లు లేరు. ఆడపడుచుని కాబట్టి నేను మరి రెండు మాటలు ఎక్కువే అన్నాను. దేనికీ జంకని మనిషి. ఆమె భయపడగా నేను చూసింది ఒక్కరోజే.

స్టూడియో కంప్యూటర్ పాతదై మూలపడితే, విడిభాగాలు తెప్పించి కొత్తది తనే బిగించింది. బల్బు మార్చడానికి కూడా పక్కింటివాళ్లను పిలిచే మా అన్నయ్య “మనకెందుకే ఈ తలనొప్పి” అన్నా వినలేదు. పాతదాంట్లోని హార్డ్‌డిస్క్ తీసి ఇందులో పెట్టింది. తీసిన ఫొటోలన్నీ దాంట్లోనే ఉన్నాయి. బటన్ నొక్కింది. లోపల ఫ్యాను సగం తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే అదీ లేదు.

నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాను. కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

“సాయంత్రం ఆ బస్సు డ్రైవరు వస్తాడు. వాళ్లమ్మ ఫొటోలు ఇందులోనే ఉన్నాయి,” అంది.

“ఇంకా ఇవ్వలేదా?”

“రేపు, రేపు అని తిప్పాను. ఈలోగా ఆవిడ పోయింది. నిన్న ఫోన్ చేశాడు. వాళ్లింట్లో ఆవిడ ఫొటో వేరే లేదట.”

“కెమెరాలో ఉంటాయిగా?”

“తర్వాత పెళ్లి ఉందని కార్డు తుడిచేశా.”

ముందు కరెంటు వస్తోందో లేదో చూద్దామన్నాను.

ప్లగ్గులో టేబుల్ ఫ్యాను పెట్టి చూశాం. తిరిగింది. వైర్లన్నీ ఊడదీసి మళ్లీ గుచ్చాం. “కాలిన వాసన వస్తోందా?” అంటుంది వదిన. లేదంటాను. “నాకొస్తోందే” అంటుంది. ఇద్దరం కంప్యూటర్ డబ్బాలో తలలు పెట్టి వాసన చూశాం. చూసేకొద్దీ నాకూ వస్తున్నట్టే అనిపించింది.

డిస్క్ ఊడదీసి, తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

“ఎదురుగా నెట్ సెంటర్ ఉందిగా, అక్కడ తగిలించి చూద్దాం పద వదినా.”

“వద్దు.”

“ఏం?”

“పోయుంటే తెలిసిపోతుంది కదా.”

అర్థంలేని మాటే. కానీ అది విన్నాక నేనూ మళ్లీ వెళదామనలేదు.

చివరికి విడిభాగాలు అమ్మినాయనకు ఫోన్ చేశాం. “డిస్క్ జోలికి పోకండమ్మా. మదర్‌బోర్డు మొత్తం బయటికి తీసి, అట్ట మీద పెట్టి స్టార్ట్ చేసి చూడండి,” అన్నాడు. వదిన చేతుల్లోంచి స్క్రూలు జారి పడుతున్నాయి, నేను బల్లకింద దూరి వెతుకుతున్నాను. బటన్‌కు బదులు స్క్రూడ్రైవర్ మొనతో బోర్డు మీది రెండు పిన్నులు కలపాలట.

“నువ్వు కలుపు,” అంది.

“నేను చచ్చినా ముట్టుకోను.”

కళ్లు మూసుకుని తనే కలిపింది. ఫ్యాను తిరిగింది. ఆగలేదు. తెరమీద అక్షరాలు వచ్చాయి.

అట్ట మీద పనిచేసింది డబ్బాలో చేయట్లేదంటే తప్పు డబ్బాలోనే ఉండాలి. టార్చి వేసి చూశాను. బోర్డు రేకుకు తగలకుండా ఎత్తిపట్టే చిన్న ఇత్తడి కాళ్లు వరసగా ఉన్నాయి. బోర్డుకు బెజ్జమే లేనిచోట కూడా ఒక కాలు ఉంది. దాని కొస బోర్డు వెనక తగిలి, కరెంటు రేకులోకి పోతోంది.

“ఇదెందుకు పెట్టావు?”

“సంచిలో మిగిలింది కదా... గట్టిగా ఉంటుందని ఇంకొక్కటి...” అని నాలిక కరుచుకుంది.

దెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. కానీ డిస్క్ ఇంకా తువ్వాల్లోనే ఉంది. ఆ కాలు పీకి, అన్నీ మళ్లీ బిగించి, ఆఖర్న దాన్ని తగిలించాం. బటన్ మీద వేలు పెట్టి వదిన ఎంతకీ నొక్కదు. నేనే ఆ వేలి మీద నా వేలు పెట్టి నొక్కాను. లోపల సన్నగా గిర్రుమంది. కాసేపటికి ఫొటోలు ఒక్కొక్కటే తెరమీదికి వచ్చాయి.

వదిన భోరుమంది. ఏడుస్తూనే పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, నా ఫోన్‌లో ఒక కాపీ వేసింది.

“ఇంకొక్కటి వెయ్యనా?”

“వెయ్యి తల్లీ, వెయ్యి,” అన్నాను.

డ్రైవరు డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చాడు. వదిన ఒక్కో ఫొటో చూపించింది. అన్నింట్లోనూ ఆవిడ బిగుసుకుని, పరాయి ఇంటికి వచ్చినట్టు కూర్చుంది. అతను తలూపుతున్నాడు గానీ ఇదీ అని చెప్పడం లేదు. చివరిదాన్ని వదిన గబుక్కున దాటించబోయింది. అందులో ఆవిడ కుర్చీలోంచి సగం లేచి, చెయ్యెత్తి కసురుతోంది.

“ఆగండాగండి. ఇది!”

“ఇది బాగా రాలేదండీ. ఇంకొక్కటి తీస్తానంటే కోప్పడ్డారు.”

“మా అమ్మంటే ఇదేనండీ.” అతని మొహం విప్పారింది. “అప్పుడు నేను బయట ఫోన్‌లో ఉన్నా. ఏమంటోంది?”

వదిన ఆవిడ మాటల్నే అప్పజెప్పింది. “‘చాలమ్మా నీ ఇంకొక్కటి. మావాడు పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, వదిలిపెట్టు’ అన్నారు.”

అతను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. తెరకేసే చూస్తూ అన్నాడు:

“ఇవాళ కూడా తినలేదమ్మా.”