వేరుశెనగ పొట్టును పట్టే కన్ను

జార్జియాలో హార్లో అనే ఊళ్ళో క్విగ్లీ కోలా నింపే ఫ్యాక్టరీ ఉండేది. వర్నెల్ స్టోక్స్ అందులో పంతొమ్మిదేళ్ళు సీసాలు చూసింది. చూడడమే ఆమె పని. కడిగిన ఖాళీ సీసాలు తెల్లటి దీపం ముందు నుంచి బారులు తీరి పోతుంటాయి. లోపల నలుసు కనిపించిన సీసాను చటుక్కున లాగి పక్కన పెట్టాలి. ఇరవై నిమిషాలు చూపు, ఇరవై నిమిషాలు విశ్రాంతి. అంతకు మించితే కళ్ళకు సీసా ఏదో గోడ ఏదో తెలియదు. వంతులవారీగా ఆ కుర్చీల్లో కూచునేది నలుగురు ఆడవాళ్ళు. నలుగురూ నల్లవాళ్ళే. నలుగురి ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆ దీపం పుణ్యాన్నే.

క్విగ్లీ కోలాను నలభై దేశాల్లో తాగుతారని గొప్పలు చెప్పుకునేవాళ్ళు. మొదట అది ఇదే ఊళ్ళో మందుల షాపు పెట్టుకున్న క్విగ్లీ కడుపునొప్పికని కాచిన పాకం. నొప్పి తగ్గిందో లేదో దేవుడికెరుక, జనం మాత్రం దానికి మరిగారు. ఆ తర్వాత పాకం పీపాలకెక్కి, రైలెక్కి, ఓడెక్కింది. మెక్సికోలో, మనీలాలో, ఇంకా నోరు తిరగని ఊళ్ళలో ఫ్యాక్టరీలు లేచాయి. పాకం ఒక్కటే ఇక్కడిది. నీళ్ళూ సీసాలూ ఎక్కడివక్కడే.

డెబ్బై నాలుగు ఆగస్టులో పెద్దాఫీసు నుంచి వెబర్ అనే ఇంజనీరు ఒక యంత్రాన్ని వెంటబెట్టుకొచ్చాడు. సీసా అడుగు కింద దీపం, మూతి పైన కరెంటు కన్ను. నిమిషానికి మూడు వందల సీసాలు చూస్తుందట. విశ్రాంతి అడగదట.

మేనేజరు డేల్ ప్రూయిట్ నలుగురినీ పిలిచాడు. అతని చూపు నేల మీదే ఉంది.

"ఇది నా మాట కాదు వర్నెల్, పైనుంచి వచ్చింది. క్రిస్మస్ దాకా ఉండండి. తర్వాత ఇంక..."

"తర్వాత ఏం చెయ్యమంటారు మిస్టర్ డేల్? ఇంట్లో కూచుని బియ్యంలో రాళ్ళు ఏరుకోమంటారా?"

నలుగురిలో చిన్నది ఒట్టీ మే. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడవకే," అంది వర్నెల్. "కళ్ళు మసకేస్తే మధ్యాహ్నం సీసాలు ఎవరు చూస్తారు, నీ మొగుడా?"

తర్వాత ఇంజనీరు వైపు తిరిగింది. "అయ్యా, మాకూ దానికీ పోటీ పెట్టండి. ఓడితే మా అంతట మేమే కుర్చీలు దిగుతాం."

వెబర్ నవ్వి సరేనన్నాడు. ఐదు వందల సీసాలు తెప్పించి, నలభైటిలో తన చేత్తోనే కాగితం ముక్కలు, సిగరెట్ పీకలు, దారప్పోగులు వేశాడు. యంత్రం నలభై పట్టింది. వర్నెల్‌కు ముప్పై తొమ్మిదే దొరికాయి. సిగరెట్ డబ్బా మీదుండే గాజులాంటి కాగితం ముక్క ఒకటి ఆమె కన్ను తప్పించుకుంది.

"పదకొండు దేశాల్లో గెలిచిన యంత్రమమ్మా ఇది," అన్నాడు వెబర్, ఓదార్చినట్టే.

ఇంకొకరైతే సంచీ సర్దుకునేవాళ్ళు. వర్నెల్ ఆ గాజుకాగితాన్ని వేలి మీద పెట్టుకుని కాసేపు చూసింది.

"రచ్చ గెలిచి వచ్చింది సరే, ఇంట గెలవొద్దా? మీరు వేసిందంతా మీ ఊరి మురికి. మా ఊరి మురికి దీనికి ఒక్కసారి చూపించండి."

"మురికికి కూడా ఊరుంటుందా?"

"సెప్టెంబరు రానివ్వండి, మీకే తెలుస్తుంది."

హార్లో చుట్టూ వేరుశెనగ పొలాలే. కోతల్లో చేతులు మట్టి కొట్టుకుని ఉంటాయి, కడుక్కునే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని అక్కడి జనం కోలా ఒక గుక్క తాగి, ఆ ఖాళీలోకి పొట్లంలోంచి ఉప్పు పల్లీలు జారవిడిచి, తాగుతూ నములుతారు. తాగిన సీసా ఫ్యాక్టరీకి తిరిగొచ్చేలోపు ట్రక్కులో దొర్లుతూ నాలుగు రోజులు ఎండుతుంది. పల్లీ మీది ఎర్రపొట్టు తీపికీ ఉప్పుకీ బంకలా మారి, సీసా భుజం దగ్గర క్విగ్లీ అని ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాల వెనక అతుక్కుంటుంది. ఎంత మరిగే నీళ్ళు పోసినా కదలదు.

సెప్టెంబరు మూడో సోమవారం, వేరుశెనగ గోదాము నుంచి వచ్చిన సీసాలు కడిగించి పోటీకి పెట్టారు. వర్నెల్ ఇరవై ఆరు లాగింది. యంత్రం పదిహేడు పట్టి ఊరుకుంది. మిగిలిన తొమ్మిదింటిలోనూ పొట్టే.

వెబర్ ఒక సీసాను వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పాడు. "నాకేం కనపడడం లేదు."

"సీసాను చూస్తే ఎలా కనపడుతుంది? వెలుగు ఎక్కడ తడబడుతోందో అక్కడ చూడండి. ఆ 'క్వి' వెనక."

అప్పుడు కనిపించింది. వెబర్ తెలివితక్కువవాడేం కాదు. "భుజం దగ్గర ఇంకో కన్ను పెట్టిస్తాను. ఏడాది పడుతుంది," అన్నాడు.

"పెట్టించండి. ఎక్కడ పెట్టాలో నేనే చూపిస్తా. ఊరికే కాదు సుమా. అది వచ్చే కోతల్లో మమ్మల్ని గెలిచేదాకా కుర్చీలు మావి. గెలిచిన రోజు మా నలుగురినీ పాకం గదిలో వేసుకోవాలి."

మిస్టర్ డేల్ గొంతు సవరించుకున్నాడు. "పాకం గదిలో ఆడవాళ్ళు ఎప్పుడూ చెయ్యలేదు వర్నెల్."

"ఇప్పుడు చేస్తారు. నోటిమాట వద్దు, కాగితం మీద రాయండి. నాకు చదువు అంతంతమాత్రం, ఒట్టీ చదివి పెడుతుంది."

రాశారు. ఒట్టీ రెండుసార్లు పైకి చదివింది. ఒక చోట 'వీలైతే' అన్న మాటుంటే వర్నెల్ దగ్గరుండి కొట్టించింది.

ఆ ఏడాదంతా తనను పీకేయబోయే యంత్రానికి తానే చూపు నేర్పింది. "సొంత గొయ్యి తవ్వుకుంటున్నావు," అని చర్చిలో దెప్పారు. "గొయ్యి కాదు, మెట్లు," అని ఊరుకుంది. మరుసటి ఏడు కోతల్లో పోటీ పెడితే యంత్రం ముప్పై ఒకటి పట్టింది, ఆమె ముప్పై. వర్నెల్ ఎవరూ చెప్పకముందే కుర్చీలోంచి లేచి, మిగతా ముగ్గురినీ తీసుకుని నేరుగా పాకం గదికి నడిచింది.

అక్కడ పాత మేస్త్రీ హోరేస్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "పంచదార బస్తా వంద పౌన్లమ్మా. ఆడవాళ్ళకు లేస్తుందా?"

వర్నెల్ అతన్ని తప్పించుకుని లోపలికెళ్ళి, దగ్గర్లో ఉన్న బస్తా చెవులు రెండూ దొరకబుచ్చుకుంది.

"ఒట్టీ, నువ్వు ఆ చివర పట్టు."