సిద్ధమ్మ పేరుకు పలికిన మనిషి

నాగులమ్మకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. అంగట్లో తక్కెడ ముల్లును కళ్లార్పకుండా చూసేది. ఎవరైనా ఊరికే నవ్వుతూ పలకరిస్తే ఇంటికొచ్చి ఆ నవ్వుకు కారణం వెతికేది. ఆ మహాతల్లి పనిచేసే రేణిగుంట నూలు మిల్లులోనే, ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలంలో, మిషన్లకు నూనె పోసే చెంగయ్య చేతికి ఎర్రపట్టీ, మెడలోకి విజిల్ వచ్చాయి.

కంపెనీ వాళ్లు అతన్ని తిరుపతికి పంపి ట్రైనింగ్ ఇప్పించారు. నిప్పంటుకుంటే ఇసుక ఎట్లా చల్లాలి, జనాన్ని ఏ వాకిలి గుండా బయటికి తోలాలి, అందరూ వచ్చారో లేదో ఎట్లా తెలుసుకోవాలి, అన్నీ నేర్చుకొని వచ్చాడు. అప్పట్నుంచి చెప్పాపెట్టకుండా విజిల్ ఊదేవాడు. పత్తి ఏరే ఆడవాళ్లు పని వదిలేసి కొళాయి దగ్గర నిలబడాలి. గొంతు సరిగ్గా వినపడేటట్టు, దుమ్ముకు కట్టుకున్న ముఖం గుడ్డలు విప్పాలి. పేరు పిలిస్తే పలకాలి.

"అగ్గి ల్యాకుండా అగ్గికి లెక్కేంది? మేనేజరే ఈయప్పను మన మీద కాపలా పెట్టినాడు, సూస్తాండండి," అని నాగులమ్మ తేల్చేసింది.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. పక్కింటి సిద్ధమ్మ పురిటికి పోయింది. సెలవంటే ఉన్న పని ఊడుతుందని, ఆమె పేరు మీద నాగులమ్మ చెల్లెలు సుబ్బులమ్మ వస్తోంది. ఆ మిల్లులో అది కొత్తేమీ కాదు. ఒకరికి కష్టమొస్తే ఇంకొకరు గుడ్డ చుట్టుకొని వాళ్ల పేరుకు పలికేవాళ్లు. మేస్త్రీ ఏనాడూ ఆ గుడ్డల జోలికి పోలేదు. చెంగయ్యకేమో సిద్ధమ్మ ముఖం బాగా తెలుసు.

"విజిల్ యినపడితే గోడౌన్లో పత్తి బేళ్ల ఎనక దాంకో. ఆయప్ప ఎంత పిల్సినా పలకొద్దు," అని చెల్లెలికి నూరిపోసింది. సిద్ధమ్మ పేరు వచ్చినప్పుడు గుంపు వెనక నుంచి గొంతు మార్చి తనే పలికేది.

ఒకరోజు మధ్యాహ్నం, అన్నాలు తిని మళ్లీ పనిలో కూర్చోగానే విజిల్ మోగింది. "మళ్లా మొదలుపెట్టినాడు," అని గొణుక్కుంటూ వచ్చి నిలబడింది నాగులమ్మ. చెంగయ్య గొంతు వణుకుతోంది. నటన కూడా నేర్పినట్టున్నారే అనుకుంది.

"సిద్ధమ్మా!"

"ఉండా!" అంది నాగులమ్మ.

అందరూ పలికారు. చెంగయ్య పరుగున పోయి గోడౌను ఇనుప తలుపు మూయబోయాడు. గాలి తగిలితే మంట పెరుగుతుందని అతనికి నేర్పారు. అప్పుడు కనిపించింది నాగులమ్మకు, రేకుల సందుల్లోంచి నల్లటి పొగ. నోరు తెరిస్తే సిద్ధమ్మ పని పోతుంది, తన పనీ పోతుంది. ఇది తమను పట్టుకోవడానికి పెట్టిన పొగేమోనని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆ ఒక్క క్షణానికి బతికినన్నాళ్లూ తనను తాను తిట్టుకుంది.

"తలుపెయ్యొద్దన్నా! లోపల మనిసుండాది!"

"అందురూ పలికినారు గదమ్మా?"

"సిద్ధమ్మ పేరుకు పలికింది నేనన్నా. మా చెల్లెలు బేళ్ల ఎనకుండాది!"

చెంగయ్య వెంటనే తడి గోనె కప్పుకొని లోపలికి దూరాడు. "యాడుండావమ్మా? పలుకు!" అని అతను అరవడం బయటికి వినపడుతోంది. జవాబు లేదు. ఎందుకు లేదో నాగులమ్మకు తెలుసు. వాకిట్లోకి ఉరికి గొంతు చించుకుంది.

"పలకవే సుబ్బులా! ఆయప్ప మనోడే! పలకవే!"

పొగలోంచి ముందు దగ్గు వచ్చింది, తర్వాత "అక్కా" అన్న మాట. ఆ మాట వైపే పోయి చెంగయ్య ఆమెను భుజాన వేసుకొచ్చాడు.

మంటలార్పే బండి వచ్చేసరికి మేనేజరు కూడా పరుగెత్తుకొచ్చాడు. మసి పట్టి ఒగరుస్తున్న సుబ్బులమ్మను చూపించి, "లోపల ఉండిపోయింది ఎవరు?" అని అడిగాడు.

చెంగయ్య కాలిన చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"సిద్ధమ్మ సార్," అన్నాడు.