మిషన్ అమ్మనన్న పెద్దాయన

నాలుగేళ్ల క్రితం మా అమ్మకు ఉన్నట్టుండి వినపడటం తగ్గిపోయింది. ఎంత గట్టిగా పిలిచినా పలికేది కాదు. ఆఫీసుకు సెలవు పెట్టి, ఆమెను పద్మారావు నగర్‌లో చెవి మిషన్లు అమ్మే దుకాణానికి తీసుకెళ్లాను. యజమాని జాన్ గారు పెద్దాయన. అమ్మ చెవిలోకి లైటు వేసి చూసి, "మిషన్ ఇయ్యనమ్మా" అన్నారు.

మా వాలకం చూసి కొనలేమనుకున్నారని నాకు రోషం వచ్చింది. "మేం డబ్బులివ్వలేమనుకుంటున్నారా?" అని అందరి ముందూ అరిచేశాను.

ఆయన నెమ్మదిగా అన్నారు: "చెవుల గుబిలి గట్టిపడ్డది బిడ్డా. డాక్టర్ దగ్గరికి పోతే తీసేస్తడు. మిషన్‌తోని పనే లేదు."

ఆ సాయంత్రం డాక్టరు గుబిలి తీయగానే అమ్మ పైకి చూసి, "ఈ ఫ్యాను ఇంత చప్పుడు చేస్తోందేమిటే?" అంది. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

మర్నాడు వెళ్లి క్షమాపణ అడిగి, "మీలాంటి గొప్పవాళ్లు ఎక్కడుంటారండీ!" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"అక్కర లేనిది అమ్మకపోతే సుత గొప్పేనా? ఏ దుకాణమైనా గిట్లనే ఉండాలె గద!"

జాన్ గారు పోయి ఏడాదైంది. దుకాణం మూతపడింది. అమ్మకు మళ్లీ సరిగా వినపడటం లేదు. ఆయనలాగే ముందు చెవి చూసి గుబిలేనేమో చెబుతారని మొన్న మూడు షాపులు తిరిగాం. ఒక్కరూ చెవిలోకి చూడలేదు. అందరూ మిషన్లే చూపించారు. అమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు మీద నిలబడితే ఆయన ఎంత గుర్తొచ్చారో! జాన్ గారు అందరిలాంటి మామూలు దుకాణదారే అనిపించే రోజు ఒక్కటి చూడాలని ఉంది.

– సుజాత, నేరేడ్‌మెట్, సికింద్రాబాద్