ఆమె విననన్న సగం

అప్పుడు నాకు నలభై మూడేళ్ళు. మద్రాసులో ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాసేవాణ్ణి. అది వదిలేసి కోడంబాక్కంలో సినిమాలకు డబ్బింగ్ చెప్పుకుని బతకాలని లోపల ఒకటే పీకులాట. చూస్తే కొడుకు పదో క్లాసు, అమ్మకు ఆస్పత్రులు. ఎలక్ట్రిక్ ట్రైన్‌లో తెలుగు పేపరు పట్టుకుని, వార్తలన్నీ గొంతు మార్చి మార్చి గొణుక్కునేవాణ్ణి.

ఒక సాయంత్రం ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ ఒళ్ళో సంచి పెట్టుకుని మునగాకు దూస్తా ఉంది. నా గొణుగుడు విని, "మన తెలుగోళ్ళా?" అంది. అంతే, నా నోరు ఆగలేదు. కొట్లో ఊపిరాడటం లేదని, స్టూడియోవాళ్ళు నా గొంతు విని మళ్ళీ రమ్మన్నారని గడగడా చెప్పుకుపోయాను.

ఆమె చేతులు ఆగిపోయినాయి.

"ఇంట్లో మీ ఆమెకి తెలుసా?"

"ఇంకా చెప్పలేదండీ."

"అట్లయితే నాకు చెప్పబాకండి సార్. మా ఆయన ఉద్యోగం మానేసే ముందు ఇట్లానే రైల్లో అందరికీ చెప్పుకున్నాడు. ఊరంతా తిరిగి ఆఖర్న నాకు తెలిసింది."

సంచి మూతి ముడేసుకుని, కిక్కిరిసిన రైల్లో దొరికిన సీటు వదిలేసి, తలుపు దగ్గరికి పోయి నిలబడింది. నా వైపు మళ్ళీ చూడలేదు.

ఇంటికి పోయి చెప్పులన్నా విడవకుండా మొదలుపెట్టాను. నాలుగు మాటలు వినగానే మా ఆవిడ అడ్డం వచ్చింది.

"నాకన్నా ముందు ఎవురికి చెప్పినారు?"

"రైల్లో ఒకామెకి. సగమే. మిగతా సగం విననంది."

మా ఆవిడ స్టవ్ ఆపేసి వచ్చి, నా ఎదురుగా కూర్చుంది.